కాంటా మీద ఎనభై ఐదు: మంజీర అవతల నా స్కైడైవింగ్

మాది బోధన్ నుంచి సాలూర పోయే దారిలో ఒక పల్లె. సాలూర దాటితే మంజీర, మంజీర మీది వంతెన దాటితే మహారాష్ట్ర. అవతలి ఊళ్ళలో మాకు చుట్టరికాలు ఉన్నాయి. పోయిన చలికాలం అటువైపు ఒక పెళ్లి చూసుకొని వస్తుంటే చెరకు తోటల మీద ఎర్రవి, నీలివి పెద్ద పెద్ద గొడుగుల్లాంటివి దిగుతూ కనిపించాయి. ఆటో ఆపించి దగ్గరికి పోయి చూశాం. ఒక క్లబ్బు వాళ్ళు పడావు భూమిలో మొరం పరిచి చిన్న రన్‌వే చేసుకున్నారు. చలికాలంలో కొన్ని వారాలు అక్కడ విమానంలోంచి దూకిస్తారట. కొత్తవాళ్ళు ఒంటరిగా దూకక్కర్లేదు. నేర్పించేవాళ్ళు వెనక నుంచి బెల్టులతో మనల్ని తమకు కట్టేసుకొని దూకుతారు, గొడుగు విప్పే పని వాళ్ళదే. గేటు దగ్గర బోర్డు మీద షరతులు రాసి ఉన్నాయి. అందులో ఒకటి, బరువు ఎనభై ఐదు కిలోలకు మించరాదు. అప్పుడు నేను తొంభై నాలుగు.

ఆ పెళ్లికి వారం ముందే నిజామాబాద్‌లో ఖలీల్‌వాడి డాక్టరమ్మ నా రక్త పరీక్ష కాగితం చూసి, సుగర్ గీత మీద ఉంది, నడవకపోతే గీత దాటుతుంది అని చెప్పింది. భయపడ్డాను గానీ నడవలేదు. అంతకు ముందు కూడా రెండు మూడు సార్లు నడక మొదలుపెట్టి వారానికే మానేసినదాన్ని. ఆ బోర్డు చూసినప్పుడు మాత్రం భయం వేయలేదు, నవ్వొచ్చింది. మా చర్చిలో ప్రార్థన చేయమంటేనే నా గొంతు రెండో వరుస దాటదు. నాలాంటిది విమానంలోంచి దూకడం ఏమిటి అనుకుంటే ఇంటికి వచ్చేదాకా నవ్వు ఆగలేదు. మరునాడు తెల్లవారి లేచి కాలువ కట్ట మీద నడిచాను. ఆ తర్వాతి రోజు కూడా నడిచాను.

మా ఊరి కాలువ కట్టకు ఒక పక్క వరి, ఒక పక్క చెరకు. మనిషి నడిచే వెడల్పు ఉంటుంది. ఊరి చివర తూము దగ్గర మొదలుపెట్టి మోటారు గది దాకా పోయి తిరిగి రావడం నా నడక. ఎండాకాలం కొట్టిన చెరకు మళ్ళీ మొలిచి, నా మోకాలంత అయి, భుజమంత అయి, తల దాటేదాకా నడిచాను. బరువు చూసుకోవడానికి ఇంట్లో ఏమీ లేదు. ఎరువుల దుకాణంలో బస్తాలు తూచే కాంటా ఉంటే, కొనేవాళ్ళెవరూ లేని వేళ చూసి దాని మీద నిలబడేదాన్ని. మా ఆయన చెరకు రైతు, తూకం సంగతులన్నీ ఆయనకు తెలుసు.

"కోసిన చెరుకు రెండు దినాలు ఎండల పడుంటే తూకం దానంతట గదే దిగుతది. గింత దూరం నడుసుడు ఎందుకే? గట్టు మీద పండు, నేనొచ్చి తిప్పి తిప్పి ఎండేస్త" అనేవాడు.

"ఎండిన చెరుకుకు రేటు తక్కువిస్తరని నువ్వే కద అంటవ్" అంటే నోరు మూసుకునేవాడు.

ఈ చలికాలం క్లబ్బు వాళ్ళు మళ్ళీ వచ్చారు. మా ఆడబిడ్డ రూతు బోధన్‌లో ఒక దవాఖానలో నర్సు. ఫోన్ చేసి మాట్లాడింది ఆమే. టాండమ్ దూకుడు అంటే ఇద్దరు కలిసి దూకేదానికి ఇరవై ఎనిమిది వేలు. మా మహిళా సంఘంలో నా చిట్టీ ఎత్తి కట్టాను. డాక్టరు సంతకం చేసిన కాగితం కావాలన్నారు. నిజామాబాద్ పోయి అదే డాక్టరమ్మ దగ్గర తీసుకున్నాను. సుగర్ గీత కిందికి దిగింది. ఆమె కాగితం రెండు సార్లు చదివి "నిజంగా దూకుతారా?" అని అడిగి సంతకం చేసింది. క్యాంపు ఆఖరి వారం కాబట్టి గురువారం, శుక్రవారం, శనివారం ఖాళీలు ఉన్నాయన్నారు. నేను శుక్రవారం అన్నాను.

"శుక్రవారం ఎందుకు వదినె? నీకు ఉపాసం కద" అంది రూతు.

"పర్వలేదు. దేవుడు చూసుకుంటడు" అన్నాను.

మాది మెథడిస్టు సంఘం. శుక్రవారం ఉపవాస ప్రార్థన నేను పెళ్ళయి వచ్చినప్పటి నుంచి తప్పలేదు. గురువారం రాత్రి తింటే మళ్ళీ శుక్రవారం మధ్యాహ్నం ప్రార్థన ముగిశాకే తినడం. అయితే ఆ ఆదివారం కాంటా మీద నేను ఎనభై ఐదున్నర ఉన్నాను. ఈ సంగతి రూతుకు చెప్పలేదు. గురువారం రాత్రి కూడా అన్నం తినలేదు, మజ్జిగ తాగి పడుకున్నాను. ఏడాది నడిచి అర కిలో దగ్గర ఆగిపోతే మళ్ళీ ఆ కట్ట ఎక్కనని నాకు తెలుసు. నా సంగతి నాకు తెలియదా? ఎప్పటిలాగే గడప మీద కూర్చుండిపోతాను.

శుక్రవారం ఉదయం ఆరింటికి మా ఊరి ఖాజా ఆటోలో బయలుదేరాం. పోను రాను, అక్కడ ఆగినందుకు కలిపి తొమ్మిది వందలకు ఒప్పుకున్నాడు. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్ళయితే రైల్లోనో బస్సులోనో నిజామాబాద్ చేరుకొని, అక్కడి నుంచి బోధన్ బస్సు ఎక్కితే గంట లోపు ప్రయాణం. ఆడవాళ్ళకు మన ఆర్టీసీ బస్సులో టికెట్టు లేదు, కానీ అది సాలూర దాకానే. వంతెన దాటాలంటే ఆటో మాట్లాడుకోవాల్సిందే. మంజీర మీద మంచు ఎంత దట్టంగా ఉందంటే ఖాజా లైటు వేసి, హారన్ కొట్టుకుంటూ నడిపాడు. ఎదురుగా చెరకు నింపుకున్న ఎడ్ల బండ్లు మంచులోంచి హఠాత్తుగా బయటికి వచ్చేవి.

"అక్కా, నిజంగనే దుంకుతున్నవా? మా ఇంటామెకు చెప్తే నన్ను తాగినవా అని అడిగింది" అన్నాడు.

"దుంకుతదన్నా. గదే కాంటా ఒప్పుకుంటే" అంది రూతు.

"కాంటానా? చెరుకు లెక్కనా?"

"గట్లనే. కాకపోతే గాడ ఎక్కువ తూగితే వాపసు పంపుతరు."

క్యాంపు చేరేసరికి ఏడయింది. మంచు విడిచేదాకా విమానం లేవదన్నారు. ఒక రేకుల షెడ్డు, రెండు గుడారాలు, చివర ఒక వంట పొయ్యి. షెడ్డులో టార్పాలిన్ మీద ఇద్దరు పిల్లలు మోకాళ్ళ మీద కూర్చొని గొడుగు గుడ్డను మడత పెడుతున్నారు. గాలి పోయేదాకా ఒళ్ళంతా దాని మీద పరుచుకొని పడుకుంటున్నారు. నేర్పించేవారిలో పెద్దాయన గంగాధర్ మన వేల్పూర్ వైపు మనిషి. మిలిటరీలో గొడుగుతో దూకే పటాలంలో పని చేసి రిటైరయ్యాడట. తెలుగు వినగానే ప్రాణం లేచి వచ్చింది. మనిషి భారీగా ఉంటాడు, మాట మెత్తన. నన్ను చూసి "నేనే తీస్కపోత అక్కా, ఫికరు చేయకు" అన్నాడు.

"ఇన్నేండ్ల సంది దూకుతున్నరు, ఇంక గుండె దడదడ అంటదా?" అని రూతు అడిగింది.

"ఎక్కడిది చెల్లె, అదెన్నడో పోయింది."

"మరింక దేనికి దూకుడు?"

"దిగినంక పది నిమిషాలు మనిషి అబద్ధమాడడు. ఎంత పెద్దోడైనా సరే. ఒకడు ఏడుస్తడు, ఒకడు వాళ్ళ అవ్వకు ఫోన్ చేస్తడు. ఎన్నడు మాట్లాడని తమ్మునికి ఫోన్ చేసినోడు గూడ ఉన్నడు. నాకు గది సూసుడు ఇష్టం" అన్నాడు.

ఎనిమిదిన్నరకు తూకం. చెప్పులు, స్వెట్టరు, తాళం చెవులు, నా చిన్న చేతిసంచి అన్నీ తీసేయించారు. ఎక్కాను. ఎనభై నాలుగు పాయింట్ ఎనిమిది. రూతు నా వీపు మీద ఒక్కటి చరిచింది. గంగాధర్ కాగితం మీద రాసుకుంటూ మామూలుగా అడిగాడు, "పొద్దుగాల ఏం తిన్నవక్కా?"

నేను వంగి చెప్పులు వెతుక్కున్నాను.

"నిన్నే అడుగుతున్న అక్కా."

"శుక్రవారం కదన్నా, ఉపాసం" అంది రూతు నా తరఫున.

ఆయన పెన్ను జేబులో పెట్టుకున్నాడు. "కాదక్కా. డాక్టరమ్మ కాగితం సూసిన, సుగరు గీత దాక పోయొచ్చిన మనిషివి, పైన సల్లటి గాలి. కండ్లు తిరిగితే దిగేటప్పుడు కాళ్ళు ఎవరు లేపాలె? కాళ్ళు లేపకపోతే నీయి ఇరుగుతయి, నాయి ఇరుగుతయి. తిని రా. గంట ఆగి మల్ల తూకం పెడ్త."

"మధ్యాన్నం ప్రార్థన అయినంక తింటది, అప్పుడు దూకరాదా?" అని రూతు బతిమాలింది. పదకొండున్నర తర్వాత గాలి లేస్తుంది, కొత్తవాళ్ళను తీసుకుపోము అని ఆయన చెప్పాడు. శనివారానికి ఖాళీలు నిండిపోయాయి.

వెళ్ళి వేపచెట్టు కింద బల్ల మీద కూర్చున్నాను. తింటే ఉపవాసం పోతుంది, తింటే తూకం కూడా పోతుంది. రూతు పక్కన కూర్చుంది. ఆమె నర్సు, మనుషుల మొహాలు చూసి చెప్పగలదు.

"వదినె, రాత్రి గూడ తిన్లేదు నువ్వు. అవునా?"

"మజ్జిగ తాగిన."

"నిజం జెప్పు. గీ ఉపాసం దేవుని కోసమా, కాంటా కోసమా?"

కోపం వచ్చింది. ఇన్నేళ్ళలో నన్ను ఆ మాట ఎవరూ అడగలేదు. కళ్ళు మూసుకొని ప్రార్థన చేద్దామనుకున్నా మాటలు కూడలేదు. చివరికి ఉన్నదున్నట్టు చెప్పుకున్నాను. ప్రభువా, ఇవాళ్టి ఉపవాసం నీది కాదు. అర కిలో కోసం నీ పేరు వాడుకున్నాను. క్షమించు. అది చెప్పాక మనసు తేలికపడింది, వెంటనే ఆకలి కూడా వేసింది. లేచి పొయ్యి దగ్గరికి పోయాను.

వంటామెకు మన మాట రాదు, మరాఠీలో ఏదో అంటూ రెండు జొన్న రొట్టెలు, శనగపిండితో చిక్కగా వండిన పిఠ్లా, పచ్చిమిర్చి కారం పెట్టింది. ఎనభై రూపాయలు. నేను రెండో రొట్టె దగ్గర ఆగితే ఆమె ఇంకోటి వేసింది. వద్దన్నాను. నా పళ్ళెం లాక్కొని మరీ వేసింది. రెండు లోటాల నీళ్ళు తాగాను. ఏమైతే అదే అవుతుంది అనుకొని, గంట ఆగాక మళ్ళీ కాంటా ఎక్కాను.

ఎనభై ఐదు పాయింట్ తొమ్మిది.

"అయ్యో" అంది రూతు. నేను దిగి చెప్పులు వేసుకున్నాను. "సరే అన్నా, మీరు చెప్పిందే కరెక్టు. పైసల సంగతి..." అని మొదలుపెట్టాను. గంగాధర్ నన్ను వింతగా చూశాడు.

"ఏడికక్కా పోతున్నవ్?"

"ఎక్కువైంది కద."

"నాకు ఎక్కువైంది. నేనే తొంభై ఉంట. బోర్డు మీదిది నా అసొంటోళ్ళను లెక్కబెట్టి రాసింది. గొడుగు మోసేది ఇద్దరిని కలిపి. గా స్నేహల్ తాయిని సూడు, ఆమె గూడ నా లెక్కనే దుంకించేటిదే, యాభై ఎనిమిది కిలోలే. ఆమెతోని పోతే నువ్వు ఇంక నాలుగు రొట్టెలు తిన్నా ఫికరు లేదు."

స్నేహల్ గుడారం దగ్గర జడ బిగించుకుంటున్న సన్నటి అమ్మాయి. ముప్పై దాటి ఉంటుంది. చెయ్యి ఊపింది.

రూతు వేళ్ళ మీద లెక్క వేసింది. "ఆగన్నా. పోయినేడు మా వదినె తొంభై నాలుగుండె. అప్పుడు గూడ ఈమె ఉండెనా?"

"ఉండె. నాలుగేండ్ల సంది ఇక్కడనే."

"అంటే పోయినేడే దూకేటిదా?"

"గా దినమే దూకేటిది. ఒక్క మాట అడిగితే అయిపోతుండె. ఎందుకడగలే?"

రూతు నా వైపు తిరిగి "ఏడాది సంది ఊకెనే నడిచినవ్ వదినె!" అని పగలబడి నవ్వింది. షెడ్డులో మడత పెట్టే పిల్లలు కూడా నవ్వారు. నేను గేటు వైపు చూశాను. అడగలేదు, ఎందుకంటే నేను ఎక్కడా ఏదీ అడగను. ఆ గేటు దగ్గర బోర్డు చదివి, తల ఊపి, ఇంటికి పోయినదాన్ని.

పది గంటలకు విమానం లేచింది. లోపల సీట్లు ఉండవు, నేల మీద కాళ్ళు చాపుకొని ఒకరి ముందు ఒకరు కూర్చోవాలి. ఇరవై నిమిషాలు పైకి పోతూనే ఉంది. స్నేహల్ హిందీలో రెండే మాటలు చెప్పింది, తలుపు దగ్గర తల వెనక్కి, నేల దగ్గర కాళ్ళు పైకి. చలి ఎముకల్లోకి దిగుతుంటే పొట్టలో రొట్టెలు వెచ్చగా ఉన్నాయి. ఆ వంటామెను మనసులో దీవించాను. తలుపు తెరిచాక భయం వేయలేదంటే అబద్ధం. చేతులు ఎదురు రొమ్ము మీద కట్టుకొని "ప్రభువా" అన్నాను. మిగతాది గాలి లాక్కుపోయింది.

కింద పడుతున్నట్టు ఉండదు. జోరుగా పోయే లారీ తొట్టిలో ఎదురుగాలికి నిలబడ్డట్టు ఉంటుంది, ఎన్నో రెట్లు ఎక్కువగా. నిమిషం కూడా కాదు. అందరూ చెప్పుకునే గుండెదడ అంతా ఆ కాసేపట్లోనే. నేను అరిచాను. నా ఒంట్లో అంత గొంతు ఉందని నాకు తెలియదు. గొడుగు విచ్చుకొని మమ్మల్ని ఒక్కసారి పైకి గుంజినప్పుడు చప్పుడంతా ఆగిపోయింది, నా అరుపు మాత్రం ఇంకా సాగుతోంది. నాకే వినిపించి సిగ్గుపడి ఆపేశాను. స్నేహల్ నవ్వి "ఔర్ చిల్లావో దీదీ!" అని ఇంకా అరవమంది. మళ్ళీ అరిచాను. ఈసారి ఊరికే, సరదాకి.

తర్వాత ఐదారు నిమిషాలు మెల్లగా దిగడమే. నాకు బాగా గుర్తున్నది ఇదే. మంచు తేలిపోయి మంజీర మెలికలు కనిపించాయి. చెరకు పూత మీద ఉంది, తోటలన్నీ తెల్లగా నురగ పట్టినట్టున్నాయి. నది అవతల బోధన్, చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టం, ఇవతలికి వస్తే మా వైపు పొలాలు. స్నేహల్ తాళ్ళు లాగి అటు తిప్పింది. సన్నటి గీత ఒకటి వరికీ చెరకుకూ మధ్య నుంచి పోతోంది. మోటారు గది తెల్లగా ఒక చుక్క. నా కాలువ కట్ట! రోజూ నడిచిన దారి అది. చెయ్యి చాపితే బొటనవేలి కింద మొత్తం మూసుకుపోయింది. వేలు తీసి మళ్ళీ చూసుకున్నాను. ఎండాకాలం పాము కనిపించి వెనక్కి వచ్చిన చోటు, వానకు జారి పడ్డ చోటు, మా ఆయన ఒక్కరోజు నాతో వచ్చి చెప్పు తెగిందని వంక పెట్టి ఆగిపోయిన చోటు అన్నీ అక్కడే ఉన్నాయి. పోయినేడే దూకి ఉంటే నేను అక్కడ ఒక కాలువను చూసేదాన్ని. అంతే.

నేల దగ్గరపడగానే స్నేహల్ "పాయ్ వర్, తాయీ, పాయ్ వర్!" అని, కాళ్ళు పైకి అక్కా అని మరాఠీలో కేకేసింది. కాళ్ళు లేపాను. కూర్చున్న పాటున మొరం మీద జారి ఆగాం. రూతు పరుగెత్తుకొచ్చింది. వెనకే వచ్చిన గంగాధర్ బెల్టులు విప్పుతూ "ఎట్లుందక్కా?" అని అడిగాడు.

ఆయన చెప్పిన ఆ పది నిమిషాలు గుర్తొచ్చాయి. "రాత్రి నేను తినకుండ ఉన్నది తూకం కోసమే అన్నా. రూతు అన్నది నిజం" అన్నాను. రూతు నన్ను గట్టిగా పట్టుకుంది. గంగాధర్ మడత పెట్టే పిల్లలను పిలిచి గొడుగు తీసుకుపొమ్మన్నాడు.

స్కైడైవింగ్‌లో ఏముంది అని మా ఊళ్ళో ఇప్పటికీ అడుగుతారు. ఆ నిమిషం గురించి చెప్తే వాళ్ళ కళ్ళు పెద్దవవుతాయి, కాలువ కట్ట గురించి చెప్తే ఆవులిస్తారు. దూకడం అయిపోయింది కాబట్టి నడక మానేస్తానేమో అని నాకే అనుమానం ఉండేది. మరునాడు తెల్లవారి కాళ్ళు వాటంతట అవే కట్ట వైపు పోయాయి. పై నుంచి చూసిన దారిని కింద నుంచి చూడాలనిపించింది. తర్వాతి శుక్రవారం ఉపవాసం ఉన్నాను, గురువారం రాత్రి కడుపు నిండా తిని మరీ ఉన్నాను. ఎరువుల దుకాణం ఆయన "ఏందక్కా, ఈ నడుమ కాంటా దిక్కు వస్తలేవు?" అని అడిగితే "బస్తాలు తూచుకో అన్నా" అన్నాను. నేను అంత గట్టిగా మాట్లాడటం ఆయన ఎప్పుడూ వినలేదనుకుంటాను, లోపల నుంచి ఆయన భార్య కూడా బయటికి వచ్చి చూసింది.

మీరెవరైనా పోదామనుకుంటే ఒక్క మాట. పొద్దున తేలిగ్గా తిని, ఏడింటికల్లా అక్కడ ఉండండి. బోర్డు మీద మీకు అడ్డం అనిపించింది ఏది ఉన్నా, వెనక్కి తిరిగే ముందు గేటు దగ్గరే అడగండి.